రక్తం ఎక్కించే ముందు

అందరికీ నమస్కారం. నర్సింగ్ విద్యార్థులు, హౌస్ సర్జన్లు, ల్యాబ్ టెక్నీషియన్లు అందరూ ఒకే హాల్లో కూర్చుని ఉండటం నాకు చాలా సంతోషంగా ఉంది. దాత ఇచ్చిన రక్తం రోగికి చేరేలోపు మీ అందరి చేతుల మీదుగానే వెళ్తుంది. మీలో ఏ ఒక్కరు తొందరపడినా మిగతావాళ్లు పడ్డ జాగ్రత్తంతా వృథా అవుతుంది. ఈరోజు నేను చెప్పాలనుకున్నది ప్రధానంగా ఇదే. అయితే ముందు ఎర్రకణం గురించి కాసేపు మాట్లాడుకుందాం. మనం ఎక్కిస్తున్నది ఏమిటో తెలిస్తే, ఎందుకు జాగ్రత్తపడాలో వేరే చెప్పక్కర్లేదు.

ఎర్రకణం రెండు వైపులా నడుమ లోపలికి నొక్కుకుపోయిన బిళ్ల ఆకారంలో ఉంటుంది. అడ్డం ఏడెనిమిది మైక్రాన్లు, మందం రెండు మైక్రాన్లు. మూలుగలో పుట్టేటప్పుడు దానికి కేంద్రకం ఉంటుంది. రక్తంలోకి రాబోయే ముందు ఆ కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. తర్వాత మైటోకాండ్రియాను కూడా వదిలేస్తుంది. ఆ ఖాళీ అంతా హిమోగ్లోబిన్ కోసమే. ఒక్క కణంలో సుమారు 27 కోట్ల హిమోగ్లోబిన్ అణువులుంటాయి, ఒక్కో అణువు నాలుగు ఆక్సిజన్ అణువుల్ని మోస్తుంది. మైటోకాండ్రియా లేవు కాబట్టి తాను మోసే ఆక్సిజన్‌లో రవ్వంత కూడా ఎర్రకణం తన కోసం వాడుకోదు. గ్లూకోజును ఆక్సిజన్ అవసరం లేని పద్ధతిలో విరగ్గొట్టుకుని బతుకుతుంది. ఇన్నేళ్లుగా ఈ పాఠం చెబుతున్నా, ఈ మాట దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

కేంద్రకం పోయింది కాబట్టి కొత్త ప్రోటీన్లు తయారు చేసుకోలేదు, దెబ్బతింటే బాగు చేసుకోలేదు. అందుకే ఆయుష్షు 120 రోజులు. ఆ నాలుగు నెలలూ తనకంటే సన్నటి కేశనాళికల్లోంచి ఒళ్లు వంచుకుని దూరి వెళ్తూనే ఉంటుంది. అసలు పరీక్ష ప్లీహంలో. అక్కడ ఒకటి రెండు మైక్రాన్ల వెడల్పున్న చీలికల్లోంచి జారి అవతలికి రావాలి. కుర్ర కణాలు వస్తాయి. ముసలివై బిరుసెక్కినవి అక్కడే చిక్కుకుంటాయి, వాటిని మాక్రోఫేజులు అనే రక్షక కణాలు మింగేస్తాయి. పోయినవాటి చోట మూలుగ సెకనుకు 20 లక్షలకు పైగా కొత్త కణాల్ని పంపుతుంది. ఎన్ని కావాలో లెక్క చూసేది మూత్రపిండం. ఆక్సిజన్ తగ్గినట్టు తెలియగానే ఎరిత్రోపాయిటిన్ అనే హార్మోన్ వదులుతుంది. కిడ్నీలు దెబ్బతిన్నవారికి రక్తహీనత రావడానికి ముఖ్యకారణం ఇదే.

ఇలాంటి కణాన్ని మనం శరీరంలోంచి తీసి ప్లాస్టిక్ సంచిలో పోసి ఫ్రిజ్‌లో పెడుతున్నాం. రెండు నుంచి ఆరు డిగ్రీల మధ్య ఉంచితే, రక్తం గడ్డకట్టకుండా ఉంచే సీపీడీఏ ద్రావణంలో 35 రోజులు, కణాలకు పోషణనిచ్చే ఎస్‌ఏజీఎం లాంటి ద్రావణం కలిపితే 42 రోజులు నిలవ ఉంటుంది. ఇన్నాళ్లు అనేది ఎవరో ఊహించి పెట్టిన గడువు కాదు. గడువు చివరి రోజున ఎక్కించినా, మర్నాటికి రోగి ఒంట్లో కనీసం 75 శాతం కణాలు బతికి ఉండాలన్న లెక్క మీద అది నిలబడింది. సంచిలో కణం నిద్రపోతూ ఉండదు. గ్లూకోజు ఖర్చు చేస్తుంది, లాక్టిక్ ఆమ్లం పేరుకుంటుంది, లోపలి పొటాషియం బయటికి కారుతుంది, నున్నటి బిళ్ల అంచుల్లో ముళ్లు లేస్తాయి. కణజాలానికి ఆక్సిజన్‌ను విడిచిపెట్టడానికి తోడ్పడే 2,3-డీపీజీ అనే పదార్థం రెండు వారాల్లో దాదాపు హరించుకుపోతుంది. రోగి ఒంట్లోకి వెళ్లాక రెండు మూడు రోజుల్లో మళ్లీ తయారవుతుంది.

ఇది విన్నాక ఎవరికైనా అనిపిస్తుంది, తాజా రక్తమే మంచిది కదా అని. నాకూ అలాగే అనిపించేది. దాన్ని పరీక్షించి చూశారు. 2015లో ఏబుల్ అధ్యయనం ఐసీయూ రోగుల్లో జరిగింది. 2016లో ఇన్‌ఫార్మ్ అధ్యయనంలో 20 వేల మందికి పైగా రోగుల్ని చూశారు. కొత్త రక్తం ఎక్కించుకున్నవాళ్లకీ, ఎక్కువ రోజులు నిలవ ఉన్నది ఎక్కించుకున్నవాళ్లకీ మరణాల్లో తేడా కనిపించలేదు. కాబట్టి గడువులో ఉన్న సంచిని పట్టుకుని "ఇది పాతది, తాజాది తెప్పించండి" అని రోగి బంధువుల్ని పరుగులు పెట్టించకండి. నెలలు నిండకుండా పుట్టిన పాపకు పెద్ద మొత్తంలో రక్తం మార్చాల్సిన సందర్భం లాంటివి వేరు. అక్కడ పొటాషియం గురించి ఆలోచించాలి.

ఇక ప్రమాదం సంగతికి వస్తాను.

1667లో పారిస్‌లో జాన్ బాప్టిస్ట్ డెనీ అనే వైద్యుడు గొర్రెపిల్ల రక్తాన్ని మనిషికి ఎక్కించాడు. తొలి రోగులు ఎలాగో బయటపడ్డారు, తర్వాత ఒక రోగి చనిపోవడంతో కేసులు, నిషేధాలు వచ్చాయి. నూటయాభై ఏళ్లు ఎవరూ ఆ జోలికి పోలేదు. 1818లో లండన్‌లో జేమ్స్ బ్లండెల్ అనే ప్రసూతి వైద్యుడు మళ్లీ మొదలుపెట్టాడు. కాన్పు తర్వాత రక్తస్రావంతో కళ్లెదుటే చనిపోతున్న తల్లుల్ని చూసి ఊరుకోలేక చేసిన పని అది. మనిషికి మనిషి రక్తమే ఎక్కించాలన్నది ఆయన గట్టిగా పట్టుకున్న నియమం. అయినా కొందరు బతికారు, కొందరు చనిపోయారు. ఎందుకో ఆయనకు తెలియదు.

ఎందుకో తెలిసింది 1901లో. వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ తన రక్తాన్నీ, తన ల్యాబ్‌లో పనిచేసేవాళ్ల రక్తాన్నీ తీసి, ఒకరి సీరంలో, అంటే రక్తం గడ్డకట్టాక మిగిలే తేట ద్రవంలో, మరొకరి ఎర్రకణాల్ని కలిపి చూశాడు. కొన్ని జతల్లో ఏమీ కాలేదు. కొన్నిట్లో మాత్రం పాలు విరిగినట్టు కణాలు ముద్దలు కట్టాయి. అలా ఏ, బీ, ఓ గ్రూపులు తేలాయి. ఏబీ గ్రూపు మరుసటి ఏడు దొరికింది. ఇంత గొప్ప సంగతి చేతికందినా ఆస్పత్రులు వెంటనే అందుకోలేదు. 1907లో న్యూయార్క్‌లో రూబెన్ ఓటెన్‌బర్గ్ రక్తం ఎక్కించే ముందు దాత కణాల్ని రోగి సీరంతో కలిపి చూడటం మొదలుపెట్టాడు. మనం ఇవాళ క్రాస్ మ్యాచ్ అంటున్న పనికి అదే మొదలు. లాండ్‌స్టైనర్‌కు నోబెల్ వచ్చింది 1930లో. ఆయన పుట్టిన జూన్ 14నే ప్రపంచ రక్తదాతల దినోత్సవంగా జరుపుతున్నారు.

ఏబీఓ గ్రూపుల్లో ఒక విశేషం ఉంది. మామూలుగా శరీరం ఏదైనా పరాయి పదార్థాన్ని ఒకసారి చూశాకే దాని మీద దాడి చేసే యాంటీబాడీలు అనే ప్రోటీన్లను తయారు చేసుకుంటుంది. ఇక్కడ అలా కాదు. మన పేగుల్లోని బ్యాక్టీరియా పైపొరల్లో ఎర్రకణాల మీదుండే ఏ, బీ గుర్తుల్ని, అంటే యాంటీజెన్లను పోలిన చక్కెరలుంటాయి. పుట్టిన కొన్ని నెలలకే, తనలో లేని యాంటీజెన్ మీద పాపాయి యాంటీబాడీలు తయారు చేసేసుకుంటుంది. అంటే 'ఓ' గ్రూపు మనిషి జీవితంలో ఎప్పుడూ రక్తం ఎక్కించుకోకపోయినా, 'ఏ' గ్రూపు కణాల్ని చంపే ఆయుధం అతని ఒంట్లో సిద్ధంగా ఉంటుంది. మొదటిసారే కదా అన్న వెసులుబాటు లేదు.

తప్పు గ్రూపు ఎక్కితే జరిగేది నిమిషాల్లో జరుగుతుంది. యాంటీబాడీలు దాత కణాలకు అతుక్కుంటాయి, రక్తంలోనే ఉండే కాంప్లిమెంట్ అనే రక్షక ప్రోటీన్లు కణాల పొరలకు చిల్లులు పొడుస్తాయి, హిమోగ్లోబిన్ ప్లాస్మాలోకి చిందుతుంది. రోగికి చలి, జ్వరం, నడుము నొప్పి, సెలైన్ సూది ఉన్నచోట మంట, గుండెల్లో పట్టేసినట్టు ఉండటం, చెప్పలేని భయం. మూత్రం ఎర్రగా వస్తుంది. బీపీ పడిపోతుంది. కిడ్నీలు పనిచేయడం మానేస్తాయి, రక్తం గడ్డకట్టే వ్యవస్థ అదుపు తప్పి ఎక్కడపడితే అక్కడ రక్తం కారుతుంది. ఇదంతా జరగడానికి సంచి ఖాళీ కానక్కర్లేదు. 50 మిల్లీలీటర్లలోపు రక్తం కూడా ప్రాణం తీయగలదు. ఆపరేషన్ టేబుల్ మీద మత్తులో ఉన్న రోగి ఇవేమీ చెప్పలేడు. అక్కడ కనిపించేది బీపీ తగ్గడం, కోసిన చోట రక్తం ఆగకపోవడం, మూత్రం సంచిలో రంగు మారడం. అంతే. థియేటర్లో పనిచేసేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇలాంటి తప్పులు ఎక్కడ పుడుతున్నాయి? ల్యాబ్‌లో గ్రూపు తప్పు చూడటం వల్ల అనుకుంటారు చాలామంది. బ్రిటన్‌లో 1996 నుంచి షాట్ అనే వ్యవస్థ రక్తం ఎక్కించడంలో జరిగిన ప్రతి అనర్థాన్నీ పోగుచేస్తోంది. వాళ్లకు వచ్చే నివేదికల్లో అత్యధిక భాగం మనుషుల పొరపాట్లే. వాటిలో పదే పదే కనిపించేవి రెండు. ఒకరి ట్యూబులో మరొకరి రక్తం నింపడం. ఒకరికి ఇవ్వాల్సిన సంచి మరొకరికి తగిలించడం. రెండూ మంచం దగ్గర జరిగేవే.

మొదటిది ఎలా జరుగుతుందో చెబుతాను. వార్డులో ఐదుగురికి శాంపిల్ తీయాలి. పని తొందరగా అయిపోతుందని ముందే ఐదు ట్యూబుల మీద పేర్లు రాసి పెట్టుకుంటారు. లేదా రక్తం తీసి, జేబులో వేసుకుని, నర్సింగ్ స్టేషన్ దగ్గరికి వచ్చి తీరిగ్గా లేబుళ్లు అంటిస్తారు. రెండూ ప్రమాదమే. ఈ మధ్యలో ఒక ఫోన్ వస్తుంది, ఎవరో పిలుస్తారు, ట్యూబులు తారుమారవుతాయి. ఆ తర్వాత ల్యాబ్‌లో టెక్నీషియన్ ఎంత శ్రద్ధగా పరీక్షించినా ఏం లాభం? ట్యూబులో ఉన్న రక్తానికి సరిపోయే సంచినే పంపుతాడు. అది వెళ్లేది వేరే మనిషికి.

అందుకే శాంపిల్ తీసిన మనిషే, రోగి పక్కన నిలబడే, రోగి కళ్లెదుటే లేబుల్ రాయాలి. ఒక రోగి పని పూర్తయ్యాకే ఇంకో రోగి దగ్గరికి వెళ్లాలి. పేరు అడిగేటప్పుడు "మీ పేరు ఫలానా కదా?" అని అడగొద్దు. జ్వరంలో ఉన్నవాళ్లు, సరిగా వినపడని పెద్దవాళ్లు, మనమంటే భయపడేవాళ్లు ఏమడిగినా ఊఁ అనేస్తారు. "మీ పూర్తి పేరు చెప్పండి, పుట్టిన తేదీ చెప్పండి" అని అడగండి. వాళ్ల నోట వచ్చినదాన్ని చేతికి కట్టిన పట్టీతో, ఫారంతో సరిచూడండి. స్పృహలో లేని రోగికి ఆ పట్టీ ఒక్కటే ఆధారం. పట్టీ లేని రోగికి, ముందు పట్టీ కట్టాకే శాంపిల్. మంచం నంబరు మనిషికి గుర్తు కాదు, రాత్రికి రాత్రి మంచాలు మారుతాయి.

పాత రికార్డు లేని రోగికి, వేరే సమయంలో తీసిన రెండో శాంపిల్‌తో గ్రూపు మళ్లీ చూసే పద్ధతి చాలాచోట్ల ఉంది. నేను దాన్ని గట్టిగా సమర్థిస్తాను. ఒకేసారి రెండు ట్యూబులు తీసి, ఒకటి దాచి, గంట తర్వాత పంపడం మాత్రం మోసం. ఆ మోసానికి బలయ్యేది రోగి.

తప్పు సంచి ఎక్కినా, అదృష్టవశాత్తూ గ్రూపు కలిసిపోయి ఏమీ కాకుండా పోయే సందర్భాలే ఎక్కువ. అందుకే ఈ తప్పులు బయటికి రావు, అందుకే మనకు భయం ఉండదు. ఏమీ జరగలేదు కదా అని వదిలేయకండి. తృటిలో తప్పినవాటిని కూడా రాసి పంపండి. రాసినవాళ్లని తిట్టే చోట ఎవరూ రాయరు, ఈ మాట ఇక్కడున్న సీనియర్లకు చెబుతున్నాను.

ఏబీఓతో, పాజిటివ్, నెగెటివ్ అని చెప్పే ఆర్‌హెచ్‌తో కథ ముగియదు. ఇప్పటికి 40కి పైగా రక్త గ్రూపు వ్యవస్థలు గుర్తించారు. వీటిలో కిడ్ అనే వ్యవస్థ మాయలమారిది. ఒకసారి రక్తం ఎక్కించుకున్నప్పుడో, గర్భం వచ్చినప్పుడో దాని మీద యాంటీబాడీ పుడుతుంది. కొన్నాళ్లకు పరీక్షకు అందనంతగా తగ్గిపోతుంది. ఏళ్ల తర్వాత మళ్లీ రక్తం ఎక్కిస్తే, క్రాస్ మ్యాచ్‌లో ఏమీ కనిపించదు. వారం పది రోజులకు రోగికి పచ్చకామెర్లు, జ్వరం, ఎక్కించిన రక్తమంతా కరిగిపోయి హిమోగ్లోబిన్ మళ్లీ పాత అంకెకు. అప్పటికి రోగి డిశ్చార్జి అయి ఇంట్లో ఉంటాడు. కాబట్టి గతంలో రక్తం ఎక్కించుకున్నారా, గర్భాలు ఎన్ని అన్న ప్రశ్నలు ఫారంలో నింపడానికి మాత్రమే ఉన్నవి కావు. గత మూడు నెలల్లో ఈ రెంటిలో ఏది జరిగినా, క్రాస్ మ్యాచ్ శాంపిల్ మూడు రోజులకు మించి పనికిరాదు.

1952లో బొంబాయిలో డాక్టర్ భెండే, ఆయన సహచరులు లోకానికి చెప్పిన గ్రూపు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. బాంబే గ్రూపు. ఏ, బీ యాంటీజెన్లు కట్టడానికి పునాదిగా ఉండే హెచ్ పదార్థమే వీళ్లలో ఉండదు. కణాల్ని మాత్రమే పరీక్షిస్తే ఓ గ్రూపు అని కనిపిస్తుంది. కానీ వీళ్ల సీరంలో హెచ్ మీద బలమైన యాంటీబాడీ ఉంటుంది, 'ఓ' గ్రూపు రక్తం ఎక్కిస్తే అది ప్రాణాంతకం. వీళ్లకు వీళ్ల రక్తమే కావాలి. సీరంను 'ఓ' గ్రూపు కణాలతో కూడా కలిపి చూస్తే వెంటనే బయటపడుతుంది. టెక్నీషియన్లు సీరం వైపు గ్రూపింగ్‌ను ఎంత రద్దీలోనైనా మానకూడదని నేను పోరు పెట్టేది ఇందుకే.

ఇప్పుడు హౌస్ సర్జన్లు వినాలి. సంచి రాయడానికి ముందు ఒక ప్రశ్న ఉంది. ఈ మనిషికి రక్తం నిజంగా అవసరమా? హిమోగ్లోబిన్ డెసీలీటరుకు 10 గ్రాముల కంటే తగ్గితే ఎక్కించడం దశాబ్దాలపాటు అలవాటుగా సాగింది. 1999లో కెనడాలో ట్రిక్ అధ్యయనం 838 మంది ఐసీయూ రోగుల మీద జరిగింది. కొందరికి 10 దగ్గర, కొందరికి 7 దగ్గర ఎక్కించారు. ముప్పై రోజుల మరణాలు చూస్తే, తక్కువ రక్తం పొందినవాళ్లకు నష్టమేమీ జరగలేదు. తర్వాత ఇంకా ఎన్నో అధ్యయనాలు ఇదే మాట చెప్పాయి. నిలకడగా ఉన్న పెద్దవాళ్లకు 7 హద్దు, గుండె జబ్బు ఉన్నవాళ్లకు 8. గుండెపోటు వచ్చిన రోగుల విషయంలో మాత్రం 2023 నాటి మింట్ అధ్యయనం కచ్చితంగా తేల్చకపోయినా, కాస్త ఎక్కువ ఉంచడం వైపే మొగ్గింది. ధారగా రక్తం పోతున్నవాళ్లకు ఈ అంకెలేవీ వర్తించవు. ఐరన్ లోపంతో నెలల తరబడి పాలిపోయి, నడిచి వచ్చిన మనిషికి 6.8 చూసి రెండు సంచులు రాసేముందు ఆగండి. ఆమెకు కావాల్సింది ఐరన్, ఆ ఐరన్ ఎటు పోతోందో కనిపెట్టే వైద్యుడు.

రాయాల్సి వస్తే ఒక్క సంచి రాయండి. పెద్దవాళ్లకు ఒక సంచి సుమారు ఒక గ్రాము పెంచుతుంది. ఎక్కించి, రోగిని చూసి, మళ్లీ పరీక్షించి, అప్పుడు రెండోది. ఒక్కో సంచితో 200 నుంచి 250 మిల్లీగ్రాముల ఐరన్ ఒంట్లోకి వెళ్తుంది, దాన్ని బయటికి పంపే దారి శరీరానికి లేదు. తలసీమియా పిల్లల గుండె, కాలేయం పాడయ్యేది ఈ ఐరన్ పేరుకుపోవడం వల్లే.

సిస్టర్లకు కొన్ని మాటలు. సంచి ఫ్రిజ్ నుంచి బయటికి వచ్చిన అరగంటలో మొదలుపెట్టాలి, నాలుగు గంటల్లో ముగించాలి. వార్డు ఫ్రిజ్‌లో దాచొద్దు. వేడినీళ్లలో ముంచొద్దు, కణాలు పగిలిపోతాయి. వేగంగా ఎక్కువ రక్తం ఎక్కించాల్సి వస్తే దానికోసం చేసిన వార్మర్ వాడాలి. ఆ లైన్లో నార్మల్ సెలైన్ తప్ప ఏదీ కలపొద్దు. డెక్స్‌ట్రోజ్ కలిస్తే కణాలు ఉబ్బి పగులుతాయి, రింగర్ లాక్టేట్‌లోని కాల్షియం గడ్డలు కట్టిస్తుంది. మొదటి పదిహేను నిమిషాలు నెమ్మదిగా ఎక్కించండి, ఆ పదిహేను నిమిషాలు రోగి పక్కనే ఉండండి. ఏదైనా తేడా అనిపిస్తే ముందు ఆపండి. డాక్టర్‌ని పిలవడానికి ముందే ఆపండి. కొత్త సెట్‌తో సెలైన్ పెట్టి లైన్ నిలబెట్టండి. పేరు, సంచి నంబరు మళ్లీ చూడండి. సంచిని, సెట్‌ను, కొత్త శాంపిల్‌ను, వచ్చిన మూత్రాన్ని బ్లడ్ బ్యాంకుకు పంపండి. ఒకరికి వెళ్లాల్సిన సంచి మీ రోగికి వచ్చిందంటే, మీ రోగి సంచి పక్క వార్డులో ఎవరికో ఎక్కుతూ ఉండొచ్చు. ఫోన్ చేయడంలో ఒక్క నిమిషం ఆలస్యం వద్దు.

రక్తం ఎక్కుతుండగా ఆయాసం వస్తే రెండు అనుమానాలు. ద్రవం ఎక్కువై ఊపిరితిత్తుల్లో నీరు చేరడం ఒకటి. దాన్ని టాకో అంటాం. బీపీ పెరుగుతుంది. పెద్ద వయసువాళ్లు, బరువు తక్కువున్నవాళ్లు, గుండె, కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్లు దీనికి గురవుతారు. రెండోది ట్రాలీ అనే ప్రతిచర్య. దాత ప్లాస్మాలోని యాంటీబాడీలు రోగి తెల్లకణాల మీద పడి ఊపిరితిత్తుల్ని దెబ్బతీస్తాయి, ఆరు గంటల్లోపు వస్తుంది, బీపీ తరచు తగ్గుతుంది. రక్తం ఎక్కించడం వల్ల జరిగే మరణాల్లో వీటిదే పెద్ద వాటా. మనమేమో హెచ్‌ఐవీ గురించే భయపడుతూ, డ్రిప్ వేగం గురించి మర్చిపోతున్నాం.

సమయం అయిపోయిందంటున్నారు. ఒక ప్రశ్న తీసుకుంటాను.

(ప్రశ్న: ఇంట్లోవాళ్ల రక్తమే సురక్షితమని రోగి బంధువులు పట్టుబడతారు. నిజంగా మంచిదేనా?)

మంచి ప్రశ్న. వాళ్ల ప్రేమ అర్థమవుతుంది, కానీ నిజం తలకిందులుగా ఉంది. తల్లి, తండ్రి, పిల్లలు, తోబుట్టువుల కణాలపై ఉండే హెచ్ఎల్ఏ గుర్తులు రోగివాటితో దగ్గరగా ఉంటాయి. దాంతో దాత లింఫోసైట్లను, అంటే ఒక రకం తెల్లకణాల్ని, రోగి శరీరం పరాయివిగా గుర్తుపట్టక ఉండనిస్తుంది. అవేమో రోగిని పరాయిగా గుర్తుపట్టి చర్మం, కాలేయం, పేగులు, మూలుగ మీద దాడి చేస్తాయి. అరుదే, కానీ వస్తే దాదాపు అందరూ చనిపోతారు. తెల్లకణాల్ని వడగట్టడం ఒక్కటే దీనికి చాలదు, సంచికి రేడియేషన్ ఇవ్వాలి. రెండో సంగతి, బంధువు ఇవ్వాల్సిందే అన్న ఒత్తిడిలో ఉన్న మనిషి దాత ప్రశ్నలకు నిజం చెప్పడానికి జంకుతాడు. ఇన్‌ఫెక్షన్ సోకిన తొలి రోజుల్లో పరీక్షలకు దొరకని సమయం ఉంటుంది కాబట్టి, ఆ ప్రశ్నలకు నిజం చెప్పడం చాలా అవసరం. తప్పనిసరై రక్తసంబంధీకుల రక్తమే వాడాల్సి వస్తే, దాతకు రోగి ఏమవుతారో ఫారం మీద స్పష్టంగా రాయండి. అది చూస్తేనే బ్లడ్ బ్యాంకువాళ్లు రేడియేషన్ ఇచ్చి పంపగలుగుతారు.